సాలీడు మొక్క పుట్టినిల్లు

మొక్కను పెంచుట వేఱు, మొక్కను ఎఱుగుట వేఱు. వేళకు నీరు పోసి, ఎండుటాకులు గిల్లి, ఏటేట కుండి మార్చి ఒక మొక్కను పదియేండ్లు బ్రతికింపవచ్చును. అయినను అది ఏ దేశమున పుట్టినదో, ఏ చెట్ల నీడలో దాని పూర్వులు పెరిగినవో, ఎన్ని నెలల వానకును ఎన్ని నెలల పొడికాలమునకును దాని దేహము అలవడినదో పెంచువానికి తెలియకుండవచ్చును. ఇంటి పెరటిలో అది పెద్ద లోపము కాదు. పాఠశాలలో మాత్రము లోపమే యని మా యభిప్రాయము. పాఠశాల ఆవరణములోని ప్రతి మొక్కయు ఒక పాఠము. పుట్టినిల్లు చెప్పని మొక్కపాఠము మొదటి పుట చినిగిన పుస్తకము వంటిది.

ఈ మాటను నిరూపించుటకు అరుదైన మొక్కను వెదకి తేనక్కఱలేదు. ఇండ్ల వసారాలలోను, బ్యాంకుల మెట్లప్రక్కను, ఆసుపత్రుల కిటికీలలోను నేడు విరివిగా కనుపించు సాలీడు మొక్క చాలును. పొడవైన సన్నని ఆకులు, తఱచుగా తెల్లని చారతో, గుత్తిగా లేచి నలువైపుల వంగియుండును. గుత్తి నడుమనుండి తీగలవంటి కాడలు బయలుదేఱి కుండి యంచు దాటి వ్రేలాడును. ఆ కాడలయందు తల్లిని పోలిన చిన్న మొక్కలు గాలిలో ఊగుచుండును. ఒకమారు చూచినవారు దీనిని మఱవరు. కాని దీనిని గుఱించి అడిగినచో, ‘గాలిని శుభ్రము చేయునట’ యను ఒక్క మాట తప్ప వేఱొకటి వినరాదు. ఆ మాటలో నిజమెంతయో ముందు విచారింతము. మొదట మొక్కను పరిచయము చేసికొందము.

పరిచయము పేరుతో మొదలు కావలెను. సాలీడు మొక్క యనునది ఆంగ్లనామమునకు మన అనువాదము. దారమునుండి వ్రేలాడు సాలీడువలె పిల్లమొక్క కనుపించుటచే ఆ పేరు వచ్చినదందురు. ఈ పేరు విని, ఇంట సాలెపురుగులు చేరునేమో యని జంకువారును కలరు. ఆ జంకు నిరాధారము. దక్షిణాఫ్రికాలో దీనికి ‘కోడి, పిల్లలు’ అను అర్థము వచ్చు పేరు కలదు. మన పల్లెలవారు ఆకాశమున కృత్తికల గుంపును చూచి పిల్లలకోడి యన్నారు. తన చుట్టును పిల్లలను నిలుపుకొను ఈ మొక్కకును ఆ పేరే తగునని మాకు తోచుచున్నది. పిల్లలకోడి మొక్క యన్నచో బాలబాలికలకు దాని స్వభావము సగము తెలిసినట్లే.

అయితే వాడుకపేరు ఎంత అందమైనను శాస్త్రమునకు చాలదు. ఆఫ్రికాలోని కొన్ని దేశములలో ఇదే సాలీడు మొక్క యను ఆంగ్లనామముతో పిలువబడునది వేఱొక మొక్క. దాని లేతాకులను అచటివారు కూరగా వండుకొందురు. అది మఱేదియో కాదు. మన చేలగట్లపై వానకాలమున మొలచు వామింటయే. వామింటకును కుండిలోని ఈ మొక్కకును దగ్గఱి చుట్టఱికము లేదు. మా పాఠశాల వంటి చోట ఈ చిక్కు మఱింత హెచ్చు. పిల్లలు ఇంట తెలుగుపేరు విందురు. బజారున ఒడియాపేరు విందురు. పుస్తకమున ఆంగ్లనామము చదువుదురు. మూడు పేర్లు విని మూడు మొక్కలనుకొనుటయు, ఒక్క పేరు విని రెండు మొక్కలను ఒక్కటి యనుకొనుటయు ఇచట సహజము. అన్ని భాషలవారికిని ఒక్కటిగా నుండు శాస్త్రీయనామము ఇందులకే ఏర్పడినది. దానిని బట్టీపట్టు భారముగా గాక, చిక్కు విప్పు సాధనముగా బోధింపవలెను.

దీని శాస్త్రీయనామము క్లోరోఫైటమ్ కోమోసమ్. మొదటి మాట గ్రీకు. పచ్చని మొక్క యని దాని అర్థము. రెండవది లాటిన్, జుట్టుకుచ్చు గలది యని దాని అర్థము. ఈ మొక్కకు తొలుత శాస్త్రీయముగా పేరుపెట్టినవాడు స్వీడన్ దేశీయుడగు కార్ల్ పీటర్ థున్‌బెర్గ్. ఆయన లిన్నేయసు శిష్యుడు. 1772 మొదలు 1775 వఱకు ఆఫ్రికా దక్షిణపు కొననున్న కేప్ ప్రాంతమున సంచరించి మొక్కలు సేకరించెను. 1794లో దీనిని ఆంథెరికమ్ కోమోసమ్ అను పేరుతో వర్ణించెను. 1862లో ఫ్రెంచివాడగు జాక్ దీనిని క్లోరోఫైటమ్ ప్రజాతిలోనికి మార్చెను. నేటికిని ఆ పేరే నిలిచియున్నది.

కుటుంబము మాత్రము మాఱినది. పాత పాఠ్యపుస్తకములలో ఇది లిల్లీ కుటుంబమున చేర్పబడియుండును. జన్యుపదార్థమును పోల్చి చూచు పద్ధతి వచ్చిన పిమ్మట ఆ పెద్ద కుటుంబము పలు కుటుంబములుగా విడిపోయినది. 2009 నాటి వర్గీకరణము ననుసరించి ఇది ఆస్పరాగేసీ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమున మన కెఱుకైన బంధువులు రెండు కలవు. ఒకటి పొదలపై నల్లుకొను పిల్లిపీచర. రెండవది గట్లవెంట కంచెగా నాటు కిత్తనార. పైకి చూచినచో ఈ మూటికిని పోలిక యున్నట్లే తోచదు. కాని పిల్లిపీచర మొదటి మట్టి కొంచెము తొలగించి చూచినచో గుత్తులు గుత్తులుగా దుంపవేళ్లు కనుపించును. కిత్తనార పూచి ముగిసిన తరువాత దాని ఎత్తైన పూకాడను చూచినచో, పూవులున్న చోట చిన్న పిల్లమొక్కలు పుట్టియుండును. దుంపవేళ్లు ఒక బంధువున, పూకాడపై పిల్లలు మఱియొక బంధువున కనుపించుచుండగా, ఈ రెండును మన కుండిలోని మొక్కయందు ఒక్కచోటనే కలవు. వాని ప్రయోజనము తెలియవలెనన్నచో దాని పుట్టినింటికి పోవలెను.

ఆ పుట్టినిల్లు ఆఫ్రికా ఖండము. సహారా ఎడారికి దక్షిణమున, పడమటి ఆఫ్రికానుండి ఇథియోపియా వఱకును, అటనుండి దక్షిణాఫ్రికా వఱకును ఇది సహజముగా పెరుగును. దక్షిణాఫ్రికాలో పడమట స్వెలెండామ్ ప్రాంతము మొదలు ఈశాన్యమున లింపోపో వఱకు దీని వ్యాప్తి కలదు. అచట ఇది బయలు మైదానముల మొక్క కాదు. చెట్లు దట్టముగా నున్న అడవి నేలపై, నదీలోయల పొదలలో, నీడగల వాలులందు ఇది గుంపులు గుంపులుగా నుండును. మధ్య ఆఫ్రికా వర్షారణ్యముల లోపలి చీకటిలో వెడల్పాకుల రూపములును, అడవుల అంచులందు సన్నాకుల రూపమును పెరుగుచున్నవని వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఒక్క జాతియే వెలుతురు కొలతనుబట్టి ఆకు వెడల్పు మార్చుకొన్న దన్నమాట. మన వరండాలలోని మొక్క సన్నాకుల రూపమునకు చేరినది.

దక్షిణాఫ్రికా తూర్పుభాగమున వానలు వేసవిలో కురియును. అది భూమధ్యరేఖకు దక్షిణమున నున్నందున అచటి వేసవి మనకు శీతకాలము. నవంబరు మొదలు మార్చి వఱకు అచట తడికాలము. తరువాత వచ్చు చలికాలము పొడిగా నుండును. ఈ రెండు సంగతులు, అనగా తలపై చెట్ల నీడయు, ఏడాదిలో ఒక తడికాలమును ఒక పొడికాలమును, మనసున నుంచుకొని మొక్కను చూచినచో దాని అవయవములన్నియు మాటలాడునట్లు తోచును.

వేళ్లను చూతము. కుండినుండి మొక్కను తీసినచో తెల్లని, కండగల లావు వేళ్లు చుట్టలు చుట్టుకొనియుండును. నడుమనడుమ ఐదునుండి పది సెంటీమీటర్ల పొడవు గల దుంపలవలె ఉబ్బియుండును. అవి నీటి నిలువలు. వాన వెలిసిన నెలలలో మొక్క ఈ నిలువలతో నిలుచును. ఇది తెలియనివారు ప్రతిదినము ఉదయము సాయంకాలము నీరు పోయుదురు. ఇప్పటికే నిండియున్న వేళ్లు గాలి చొరని బురదలో క్రుళ్లును. ఆకులు పాలిపోవును. ఆకులు పాలిపోయినవని మఱింత నీరు పోయుదురు. ఇట్లు ప్రేమచేతనే మొక్క చచ్చును. పైమన్ను ఆఱిన పిమ్మట నీరు పోయవలెనను నియమము తోటమాలి ఇష్టానుసారము పుట్టినది కాదు. ఆఫ్రికా పొడికాలము పెట్టిన నియమమది.

ఆకులను చూతము. ఇరువదినుండి నలువదియైదు సెంటీమీటర్ల పొడవు, ఆఱునుండి ఇరువదియైదు మిల్లీమీటర్ల వెడల్పు గల ఈ ఆకులు ఏకదళబీజపు మొక్కల రీతిని సమాంతరమైన ఈనెలు గలవి. చెట్లకొమ్మల నడుమనుండి జల్లెడపట్టినట్లు వచ్చు వెలుతురు వీనికి చాలును. మన మేనెల మిట్టమధ్యాహ్నపు ఎండలో నుంచినచో కొనలు మాడును. కొనలు మాడుటకు ఇంకొక కారణమును కలదు. నీటిలో ఫ్లోరైడును ఇతర లవణములును ఎక్కువగా నున్నచో అవి ఆకుకొనలలో చేరి గోధుమరంగు మచ్చలు కలిగించును. ఒక్క మాడిన కొన చూచి ఇది ఎండయా, లవణమా, నీటి కొఱతయా యని తర్కించి, ఒక్కొక్క కారణమును తొలగించి చూచుటయే విజ్ఞానపద్ధతి. అందులకు పరికరములు కొననక్కఱలేదు.

తెల్లచారను చూచి మురియువారికి ఒక మాట చెప్పవలసియున్నది. అడవిలోని మొక్క సాధారణముగా నిండు పచ్చనిది. చారల రకములు మనుష్యులు ఏఱి పెంచినవి. కొన్నిటికి చార ఆకు నడుమ నుండును, కొన్నిటికి అంచులయందుండును. తెల్లనిచోట పత్రహరితము లేదు. ఆహారము తయారగుట పచ్చని భాగముననే. మన కంటికి అలంకారమైనది మొక్కకు తఱుగు. నీడ దట్టమైన అడవిలో ఆ తఱుగుతో బ్రతుకుట కష్టము. పుట్టినిల్లు తెలిసినవానికే ఈ భేదము తెలియును.

ఇక అందఱిని ఆకర్షించు పిల్లమొక్కలు. చాలమంది వీనిని తీగలకు పుట్టిన పిలకలనుకొందురు. ఆ కాడ తీగ కాదు, అది పూకాడ. డెబ్బదియైదు సెంటీమీటర్ల వఱకు సాగు ఆ కాడపై కణుపుల వద్ద చిన్న తెల్లని పూవులు విచ్చును. ఒక్కొక్క పూవునకు ఆఱు దళములు, ఆఱు కేసరములు. కాయ మూడు పలకలు గలది. ఎండి పగిలినచో నల్లని గింజలు రాలును. పూవులు ముగియుచుండగా ఆ కణుపులయందే ఆకులగుత్తులు మొలచును. గాలిలో నుండగనే వాని అడుగున అబ్బురపు వేళ్ల మొటిమలు కనుపించును. పిల్ల బరువెక్కినకొలది కాడ వంగును. అడవిలో అది నేలను తాకినంతనే వేళ్లు మట్టిలోనికి దిగును. పిల్ల నిలద్రొక్కుకొనువఱకు తల్లి కాడద్వారా ఆహారము పంపుచునేయుండును. తరువాత కాడ ఎండిపోవును. ఇట్లు ఒక్క తల్లి చుట్టును ఒక గుంపు ఏర్పడును. పగలు పొట్టివగు దినములలో ఈ పిల్లల పుట్టుక హెచ్చునని పరిశీలకులు కనుగొనిరి. కుండిలో వ్రేలాడు పిల్లకు నేల అందదు. మనము శోభ యని చూచు ఆ వ్రేలాటము నిజమునకు నేలకొఱకైన వెదకులాట.

జర్మను మహాకవి గేటే ఈ మొక్కను ఇంట పెంచి, ఈ పిల్లల పుట్టుకను ఆసక్తితో పరిశీలించెను. కవికి ఇది తగని పని కాదు. చూచుట తెలియనివానికి వ్రాయుట తెలియదు. మేము తెలుగు బోధించువారమయ్యు వృక్షశాస్త్రమును గుఱించి వ్రాయుటకు ఎవరైన ఆశ్చర్యపడినచో ఇదియే మా సమాధానము. వర్ణనము కావ్యమునకు ఎంత అవసరమో శాస్త్రమునకును అంతే అవసరము. ఒక ఆకును ఉన్నదున్నట్లు పది వాక్యములలో వర్ణింపగల బాలుడు రెండు శాస్త్రములలోను ఉత్తీర్ణుడే.

విత్తనము ద్వారాను పిల్లమొక్క ద్వారాను, ఇట్లు రెండు మార్గములు ఒక్క మొక్కకు ఏల కావలెను? పిల్లమొక్క తల్లికి ప్రతిరూపము. తల్లి నెగ్గినచోట అదియు నెగ్గును. తల్లికి సరిపడని తెగులు వచ్చినచో అదియు పడిపోవును. విత్తనము అట్లు కాదు. అందు ఇరువురి గుణములు కలిసి క్రొత్తదనము పుట్టును. అది దూరముగా క్రొత్తచోట అదృష్టమును పరీక్షించుకొనును. దగ్గఱ నిలుచుటకు పిల్ల, దూరము పోవుటకు గింజ. ఈ భేదమును రణపాల ఆకు అంచున మొలచు మొక్కలతోను, చెఱువులోని గుఱ్ఱపుడెక్క కాడలతోను పోల్చి చెప్పినచో శాకీయ ప్రత్యుత్పత్తి యను పెద్దమాట పిల్లల కంటి కెదుట నిలుచును.

ఇపుడు గాలిని శుభ్రపఱచు మాటకు వత్తము. ఇది పూర్తిగా కల్పితము కాదు. 1984లో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా పరిశోధకులు మూసివేసిన పెట్టెలో సాలీడు మొక్కలనుంచి, ఫార్మాల్డిహైడు అను విషవాయువు తగ్గుటను కొలిచిరి. 1989లో ఇతర మొక్కలతోను అట్టి ప్రయోగములు ప్రకటించిరి. పెట్టెలో ఫలితము నిజము. కాని మన గది మూసిన పెట్టె కాదు. తలుపు సందులనుండి, కిటికీలనుండి గాలి ఎడతెగక మాఱుచుండును. అంతవఱకు జరిగిన పరిశోధనలను కలిపి లెక్కించిన ఇరువురు అమెరికా శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన దేమనగా, సాధారణమైన గాలిమార్పిడికి సమానమైన శుద్ధి మొక్కలవలన కలుగవలెనన్నచో ఒక్కొక్క చదరపు మీటరు నేలకు 10 మొదలు 1000 మొక్కలు కావలెను. అంత అడవిలో బల్లలకు చోటెక్కడిది? కిటికీ తెఱచుట చౌక. ప్రయోగము నిజమైనను, దానినుండి అంగడి చేసిన నిర్ణయము తప్పు కావచ్చునని నేర్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు కనుపింపదు. తరగతి గోడపై ‘గాలిని శుద్ధి చేయు మొక్క’ యను చీటీ అంటించుట మాని, ‘పెట్టెకును గదికిని భేదమేమి?’ అను ప్రశ్న అంటింపవలెను.

ఇచట ఒక ఆక్షేపణము రావచ్చును. మన కొండలలో ఎన్నో మొక్కలుండగా ఆఫ్రికా మొక్కను గుఱించి పిల్లల కింత చెప్పనేల? ఆక్షేపణము న్యాయమైనదే. దానికి సమాధానము ఆ మొక్క బంధువర్గములోనే కలదు. క్లోరోఫైటమ్ ప్రజాతిలో సుమారు రెండువందల జాతులు కలవు. వానిలో కొన్ని భారతదేశపువి. మన తూర్పు కనుమలలోను కలవు. వానిలో క్లోరోఫైటమ్ ట్యూబరోసమ్ అను దానిని ఆంథెరికమ్ పేరుతో తొలుత వర్ణించినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1781 మొదలు 1793లో కలకత్తా వనమునకు పోవువఱకు గోదావరి మండలపు సామర్లకోటలో పనిచేసెను. తన గ్రంథములలో పెక్కు మొక్కలకు తెలుగుపేర్లను గూడ వ్రాసియుంచెను. పరదేశీయుడు మన పల్లెవారిని అడిగి పేర్లు వ్రాసికొనెను. ఆ పల్లెలవారి మునిమనుమలమైన మనము అడుగుట మానితిమి.

ఈ దేశీయ బంధువు జీవితము వేఱు రీతిది. ఆఫ్రికా మొక్క ఏడాది పొడుగున పచ్చగానుండును. మనది తొలకరి పడినంతనే ఆకులు విప్పి, వానలలో తెల్లని పూవులు పూచి, గింజలు రాల్చి, వానలు వెలిసిన పిమ్మట నేలపైన ఆనవాలు లేకుండ ఎండిపోవును. మిగిలినది నేలలోని దుంపవేళ్ల గుత్తి మాత్రమే. మన వేసవి అంత కఠినమైనది గనుక ఆ జాగ్రత్తయు అంత హెచ్చు. రెండు మొక్కల కథ ఒక్కటియే. ఎండకాలము పొడవునుబట్టి ముగింపు మాఱినది.

ఆ జాగ్రత్తయే దానికి ముప్పు తెచ్చినది. సఫేద్ ముస్లీ యను పేరుతో ఈ ప్రజాతిలోని కొన్ని జాతుల దుంపలను ఔషధముగా విక్రయింతురు. వానిలో పేరుపొందినది క్లోరోఫైటమ్ బొరివిలియానమ్. ముంబయి నగరములోని బోరివలి పేర దానికి ఆ నామము వచ్చినది. ఆకు కోసినచో మొక్క మరల చిగుర్చును. దుంప త్రవ్వినచో మిగులున దేమియు లేదు. గింజ రాలకముందే త్రవ్వినచో వచ్చు ఏటి మొలకయు లేదు. ఇట్లు అడవులలో విచ్చలవిడిగా త్రవ్వుటచే అది అరుదైపోయినది. మధ్య పశ్చిమ భారతమున రైతులు దానిని పొలములలో సాగుచేయుట కొంత మేలు. కాని సాగు పంట అడవి మొక్కకు సంపూర్ణముగా బదులు కాజాలదు. పలుచోట్ల పలువిధములుగా అలవడిన గుణములు అడవి మొక్కలలోనే యుండును.

విడ్డూరము చూడుడు. ఆఫ్రికానుండి వచ్చిన చెల్లెలిని డబ్బిచ్చి కొని, కుండిలో నుంచి, వేళకు నీరు పోయుచున్నాము. కొండపై పుట్టిన అక్కను పేరైనను అడుగక పెల్లగించుచున్నాము. చెల్లెలిని ఆదరింపవలదని మేమనుట లేదు. చెల్లెలిద్వారా అక్కను గుర్తుపట్టుడని మా మనవి. కుండిలోని మొక్క దుంపవేళ్లు ఎందులకో తెలిసిన బాలుడు కొండపై దుంప త్రవ్వుటకు ఒక్క నిముసమైన ఆగి యోచించును. ఆ ఒక్క నిముసము కొఱకే ఈ పాఠము.

మఱియొక హెచ్చరికయు పుట్టినింటి జ్ఞానమునుండియే వచ్చును. నేల తాకినంతనే వేరూను మొక్క ఎక్కడ పాఱవేసినను వేరూనవచ్చును. పడమటి ఆస్ట్రేలియాలో సాలీడు మొక్క కుండి దాటి బయట స్థిరపడినది. దక్షిణ అమెరికానుండి అందమైన పూవని తెచ్చిన గుఱ్ఱపుడెక్క మన చెఱువుల నేమి చేసినదో ప్రతి గ్రామమునకు తెలియును. కావున అదనపు పిల్లమొక్కలను వాగులలోను కొండవాలులలోను విసరరాదు. కావలసినవారి కీయవలెను, లేదా ఎండబెట్టి ఎరువుగుంటలో వేయవలెను. పరదేశీయమును ప్రేమించుటయు, దాని హద్దు నెఱుగుటయు పరస్పర విరుద్ధములు కావు.

‘పరీక్షలో ఈ ప్రశ్న రాదు’ అను మాటయు వినబడును. నిజమే. కాని పరీక్షలో వచ్చు వేరు, కాడ, పూకాడ, అబ్బురపు వేరు, శాకీయ ప్రత్యుత్పత్తి, ఏకదళబీజము, వర్గీకరణము ఇవన్నియు ఈ ఒక్క కుండిలోనే యున్నవి. వానిని పుస్తకమున చదివి మఱచుటకంటె కుండిలో చూచి జ్ఞప్తియం దుంచుకొనుట సులభము. నాలుగు పిల్లమొక్కలు తీసికొని నాలుగు కుండులలో నాటుడు. రెండిటిని నీడనుంచుడు, రెండిటిని ఎండనుంచుడు. ప్రతి జతలోను ఒకదానికి దినదినమును, రెండవదానికి పైమన్ను ఆఱినప్పుడును నీరు పోయుడు. వారమున కొకమారు ఆకుల లెక్కను, పొడవును, రంగును తేదీతో సహా వ్రాయుడు. మూడు నెలలలో ఆ పుస్తకము మీ సొంత శాస్త్రగ్రంథమగును. అందలి ప్రతి వాక్యమును మీ కన్ను చూచినదే యగును.

కడపట మేము కోరునది ఒక్కటి. పాఠశాలలోని ప్రతి కుండికి ఒక చిన్న పలక కట్టవలెను. దానిపై మొక్క తెలుగుపేరును, ఒడియాపేరును, శాస్త్రీయనామమును, పుట్టినచోటును, ఈ ప్రాంతమున దాని దగ్గఱి బంధువు పేరును పిల్లలే సేకరించి వ్రాయవలెను. తెలియని పేరున్నచో ఆ స్థలము ఖాళీగా నుంచవలెను. ఊరిలోని పెద్దలను అడిగి నింపవలెను. అవ్వలకును తాతలకును తెలిసిన మొక్కలపేర్లు ఇంకను వారి నోట నున్నవి. వారిని అడుగువారు లేకున్నచో అవియు వారితోనే పోవును. కుండిలోని ఆఫ్రికా మొక్క ఆ ప్రశ్న నడుగుటకు మనకు ఒక నెపమైనచో, అంత దూరమునుండి వచ్చినందులకు దాని రాక సార్థకమే.